ట్యూబులైటు కింది వంకాయ రంగు

మొన్న మా తమ్ముడి కూతురు శ్రావణి నాలుగు రోజులుందామని మా ఇంటికి వచ్చింది. చీరల మీద అచ్చువేసే బొమ్మలు గీయడం దాని ఉద్యోగం. గీయడం అంటే కాగితం, కుంచె అనుకునేదాన్ని నేను. దాని పనంతా ల్యాప్‌టాప్‌లోనే. రంగులు కొలిచే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందట, అది తెరిచి చూపించింది. ఏ రంగునైనా మూడు అంకెలుగా చెప్తుంది. తెర మీద కనిపించే రంగుకు ఒక లెక్క, అచ్చు యంత్రానికి ఇంకో లెక్క, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి అదే మార్చిపెడుతుంది. రెండు రంగులు పక్కపక్కన పెడితే వాటి మధ్య ఎంత దూరమో కూడా అంకెలోనే చెప్తుంది. బాగానే ఉందే అనుకుంటూ చూస్తున్నాను. అప్పుడది రెండు గళ్ళు చూపించింది. రెండూ ఒకటే ఊదా రంగు. "ఇది పగటి వెలుతురత్తా. ఇప్పుడు ట్యూబులైటు పెడతా, చూడు," అని ఏదో నొక్కింది. ఒక గడి ఉన్నట్టే ఉంది. రెండోది నీలానికి తిరిగింది. "ఇట్లాంటియే కొంప ముంచుతాయి. ఒకటే అనుకుంటాం, వెలుతురు మారితే తెలుస్తాది," అంది శ్రావణి నవ్వుతూ. స్టవ్ మీద పాలున్నాయని చెప్పి నేను వంటింట్లోకి వచ్చేశాను. స్టవ్ మీద ఏమీ లేవు. పాలు పొద్దున్నే కాచి ఫ్రిజ్‌లో పెట్టాను.

నంద్యాలలో మా నాయనకు రవిక గుడ్డల అంగడి ఉండేది, ముందు అంగడి, వెనక మా ఇల్లు. ఇప్పుడైతే మ్యాచింగ్ సెంటర్ అంటారు. అప్పట్లో ఒకే రంగులో వంద ఛాయలు తయారై రావు. వచ్చిన ఇరవై ముప్ఫై రంగుల్లో చీరకు కుదిరేది దొరక్కపోతే, నాయన తెల్ల రూబియా గుడ్డ చించి అంగడి వెనక వసారాలో తనే అద్ది ఇచ్చేవాడు. కిరోసిన్ స్టవ్ మీద సత్తు బేసిన్, దాంట్లో మరిగే నీళ్ళు, పిడికెడు ఉప్పు, రంగు పొడి. మా ఇంటికి ఎప్పుడూ ఒకటే వాసన ఉండేది, కిరోసిన్, తడి గుడ్డ, వేడి ఉప్పునీళ్ళు కలిసిన వాసన. అమ్మ పోపు పెట్టినా అది పోయేది కాదు. పొరుగిళ్ళ ఆడవాళ్ళు మా ఇంటి కాలువలో నీళ్ళు చూసి ఆ రోజు ఏ రంగు అద్దామో చెప్పేసేవారు. ఈ పొద్దు ఎవరింట్లో చిలకపచ్చ చీర కొన్నారు అని మా అమ్మను ఆరా తీసేవారు. నాయన గోళ్ళు ఏ రంగులో ఉంటే ఆ రంగు పేరుతో మేము పిల్లలం ఆయనకు అన్నం పెట్టమని అమ్మకు కేకేసేవాళ్ళం, వంకాయ నాయన వచ్చాడు, మెంతి నాయన వచ్చాడు అని. ఆయన ఆ గోళ్ళతోనే అన్నం కలిపి మొదటి ముద్ద నాకు పెట్టేవాడు. కూతురు కాబట్టి నాకు కొంచెం గారం ఎక్కువే జరిగింది, దాచడం ఎందుకు.

నాయన చదివింది మూడో తరగతి. కానీ రంగు చెప్పడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. ఏ రంగైనా మూడు మాటల్లో చెప్పేవాడు. మొదటిది అది దేన్ని పోలిందో, వంకాయా, ఉల్లిపొరా, నశ్యమా, కొలిమిగుండ్ల బండా, గడివేముల చేనిమన్నా అని. రెండోది ఎన్ని ముంచులో, అంటే తెల్లగుడ్డను రంగునీళ్ళలో ఎన్నిసార్లు ముంచి తీస్తే ఆ చిక్కదనం వస్తుందో. మూడోది అది కొత్తదా, కడిగిందా, మాసిందా. "ఉల్లిపొర, రెండు ముంచులు, కడిగింది" అంటే మా ఇంట్లో అందరికీ కళ్ళ ముందు ఆ రంగు కనిపించేది. మొన్న ఇది చెప్తే శ్రావణి ఆశ్చర్యపోయింది. తన సాఫ్ట్‌వేర్‌లో మూడు అంకెలూ ఇవేనట, ఏ రంగు, ఎంత చిక్కన, ఎంత కాంతి అని. తాతను అది అబ్బ అంటుంది. అబ్బకు ఇదంతా ఎవరు నేర్పించారత్తా అని అడిగింది. ఎవరు నేర్పిస్తారు, చీరలే నేర్పించాయి.

ఆయన నియమాలు కూడా ఆయనవే. తడి గుడ్డను చూసి రంగు తేల్చకూడదు. మూల ఒకటి బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి, చీర అంచూ గుడ్డ మూలా రెండూ ఒకే బొటనవేలి కింద పట్టి, గుమ్మం మెట్టు మీద ఉత్తరపు వెలుతురులో నిలబడి, కళ్ళు సగం మూసి చూసేవాడు. కళ్ళు పూర్తిగా తెరిస్తే చీర కనిపిస్తుందట, సగం మూస్తే రంగు కనిపిస్తుందట. మబ్బు పట్టిన రోజు ఎంత పెద్ద మనిషి వచ్చినా రేపు రమ్మనేవాడు. దీపం పెట్టాక మా అంగట్లో రంగు మాట ఎత్తకూడదు. దారాలు, హుక్కులు, ఫాల్స్ అమ్ముకోవచ్చు, అంతే. ఎవరైనా పట్టుబడితే మొండిగా ఒకే మాట చెప్పేవాడు. దీపం కింద అన్ని రంగులూ చుట్టాలేనని, పొద్దున లేస్తే ఎవరిల్లు వారిదేనని. వచ్చినవాళ్ళు ఈయనకు చాదస్తమని గొణుక్కుంటూ పోయేవారు. నిజం చెప్పాలంటే నేనూ అట్లాగే అనుకునేదాన్ని. నాకు అప్పటికి పదిహేడో పద్దెనిమిదో. పదో తరగతి దాటాను కాబట్టి ఇంట్లో నాకే అన్నీ తెలుసని నమ్మకం.

ట్యూబులైటు పెట్టించింది నేనే. బజారులో ఇటు అంగట్లో అటు అంగట్లో తెల్లగా వెలుగుతుంటే మా అంగట్లో పసుపు వెలుతురు బల్బు గుడ్డిగా ఉండేది. నెలరోజులు సాధించాను. చివరికి నాయన ఒప్పుకున్నాడు కానీ, దాని కింద రంగు చూడనని ముందే చెప్పాడు. అది వెలిగిన మొదటి సాయంత్రం నాకు పండగే. పగటికంటే ఎక్కువ పగలులా ఉంది. ఇంత వెలుతురు పెట్టుకుని పొద్దు కోసం ఎందుకు కాచుకోవాలని నాకు అర్థమయ్యేది కాదు.

వారానికొకసారి నాయన మూట కట్టుకుని బస్సులో ఆళ్ళగడ్డకు పోయేవాడు. అక్కడ ఆయన్ను నమ్మిన ఇళ్ళు పది పన్నెండు ఉండేవి. అన్నిట్లోకీ పెద్దది ఓబులమ్మ గారిల్లు. బియ్యం వ్యాపారస్తుల ఇల్లు అది. ఆమె నాయనను అన్నా అని పిలిచేది, నన్ను చూసినప్పుడల్లా మేనకోడలా అని గడ్డం పట్టుకునేది. ఆమె ఇంట్లో రవిక గుడ్డ అంటే నాయన తేవాల్సిందే. ఆళ్ళగడ్డలో పెళ్ళిచీర కొన్నాక, దానికి పసుపు ముట్టించాక, అది ఇల్లు దాటకూడదు. కాబట్టి నాయన చీరను తెచ్చేవాడు కాదు. పైట చివర కుచ్చులోంచి నాలుగు పోగులు తెంపించుకుని కాగితంలో మడిచి తెచ్చేవాడు. ఆ నాలుగు పోగుల్ని గుడ్డ మీద పరిచి రంగు కుదర్చాలి. అది అందరికీ చేతనయ్యే పని కాదు.

ఓబులమ్మ గారి పెద్దమ్మాయి పెళ్ళి కుదిరింది. పట్టుచీర వంకాయ రంగు. నాయన పోగులు తెచ్చాడు, రెండు రోజులు దానితోనే కుస్తీ పట్టాడు. మూడో రోజు మధ్యాహ్నం మూల ఒకటి ఇస్త్రీతో ఆరబెట్టి, మెట్టు మీద నిలబడి చూసి, కుదిరిందన్నాడు. ఆ మాట ఆయన ఊరికే అనడు. గుడ్డలు ఇంకా పూర్తిగా ఆరలేదు. అంతలో ప్యాపిలి నుంచి మా మేనత్తకు ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. నాయన చొక్కా వేసుకుంటూనే నాకు చెప్పాడు. "రేపు పొద్దున ఎండలో ఒక తూరి చూడు పాపా. తేడా అనిపిస్తే ముట్టుకోవద్దు. నేనొచ్చి చూస్తా." సరేనన్నాను.

పొద్దు వరకు ఆగే ఓపిక నాకు ఎక్కడిది? దీపాలు పెట్టే వేళకు గుడ్డలు ఆరాయి. ట్యూబులైటు వేసి, బల్ల మీద గుడ్డ పరిచి, పోగులు పక్కన పెట్టాను. తేడాగా ఉంది. పోగుల్లో ఉన్న వెచ్చదనం గుడ్డలో లేదు, అది కాస్త నీలంగా చల్లగా ఉంది. నాయన కూడా తప్పుతాడా అని మొదట ఆశ్చర్యపోయాను. ఆ వెంటనే నాకు సంతోషం వేసింది. ఈ మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. నాయన చూడలేనిది నేను చూశానని సంతోషం. అమ్మ వంటింట్లో రాగులు చెరుగుతోంది. నేను వసారాలోకి పోయి స్టవ్ వెలిగించి, నీళ్ళు మరగబెట్టి, ఎర్ర పొడి డబ్బా తీసి చిటికెడు వేశాను. గుడ్డలూ, రంగు చూడ్డానికి ఉంచిన తునకా ఒక ముంచు ముంచి తీశాను. ఇస్త్రీ చేసి మళ్ళీ ట్యూబులైటు కింద పోగులు పరిస్తే, గుడ్డ ఎక్కడ అయిపోయిందో పోగు ఎక్కడ మొదలైందో తెలియలేదు. మడతపెట్టి, కాగితం చుట్టి, ఆళ్ళగడ్డ మూటలో పెట్టేశాను.

మర్నాడు పొద్దున్నే నాయన వచ్చాడు. మేనత్తకు నయంగా ఉందట. స్నానం చేసి రెండు ముద్దలు తిని బస్సు టైము అవుతోందని మూట ఎత్తుకున్నాడు. గుడ్డలు చూసినావా అని అడిగాడు. చూసినా నాయనా అన్నాను. సరిపోయినాయా అన్నాడు. సరిపోయినాయి అన్నాను. రెండూ అబద్ధాలు కావు. చిటికెడు ఎరుపు సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. తిరిగొచ్చాక చెప్పి మెచ్చుకోలు కొట్టేద్దామని మనసులో ఉంది.

ఆయన వీధి మలుపు తిరిగాక నేను రంగు చూడ్డానికి వాడిన గుడ్డ తునక, మిగిలిన రెండు పోగులు పట్టుకుని గుమ్మం మెట్టు మీదికి వచ్చాను. నా పనితనం నేనే ఇంకోసారి చూసుకుందామని. ఉత్తరపు వెలుతురులో పోగులు వంకాయ రంగులో ఉన్నాయి. గుడ్డ ఎర్రబారి, పండిన నేరేడు పిండినట్టు ఉంది. కళ్ళు నలుపుకుని చూశాను. నాయన చూసినట్టు సగం మూసి చూశాను. ఎట్లా చూసినా అవి రెండు రంగులు. బస్టాండు మా ఇంటికి పది నిమిషాల నడక. ఆళ్ళగడ్డ బస్సు నిండేదాకా కదలదని ఊరందరికీ తెలుసు. పరిగెత్తి ఉంటే అందుకునేదాన్ని. ఆ మెట్టు మీదే నిలబడ్డాను. నాయనకు ఏమని చెప్పాలో మాటలు వెతుక్కుంటూ నిలబడ్డాను. మాటలు దొరికేలోపల బస్సు పోయే ఉంటుంది.

ఆయన ఆ సాయంత్రం మూటతోనే తిరిగొచ్చాడు. నేను వంటింటి తలుపు వెనక నిలబడి విన్నాను. ఓబులమ్మ గారి నట్టింట్లో చుట్టాలందరూ కూర్చుని ఉండగా కాగితం విప్పాడట. పసుపు ముట్టించిన చీర తెచ్చి పక్కన పెట్టారట. రెండూ వేరే రంగులని అందరికీ కనిపించిందట. ఓబులమ్మ గారు కోప్పడలేదు. ఆమె కోప్పడి ఉంటే బాగుండేదని నాయన అమ్మతో అన్నాడు. నాయన చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయి, కండ్లు చూపించుకో అన్నా, నువ్వు తప్పే మనిషివి కాదు, అని చెప్పిందట. రవికకు ఆళ్ళగడ్డ అంగట్లోనే ఏదో పసుపు రంగు గుడ్డ తెచ్చుకున్నారు. నాయన కాళ్ళు కడుక్కోకుండా మెట్టు మీద కూర్చుని అమ్మతో అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. "నిన్న ఈన్నే నిలబడి చూసినా. ఒకటే రంగు. ఈ పొద్దు చూస్తే రెండు. నా కండ్లు పోతాండాయి."

అప్పుడు చెప్పాల్సింది. తలుపు దాటి రెండడుగులు వేసి చెప్పాల్సింది. నేను తలుపు వెనకే ఉండిపోయాను. తిడతాడని కాదు, ఆయన నన్ను తిట్టిన పాపాన పోలేదు. నాయనకంటే నాకే బాగా తెలుసని పొంగిపోయిన ఆ సాయంత్రాన్ని బయటపెట్టడానికి సిగ్గేసింది. రేపు చెప్దాం అనుకున్నాను. రేపటికి ఆయన కళ్ళ డాక్టరు దగ్గరికి పోయాడు. డాక్టరు అక్షరాల అట్ట చదివించి, కళ్ళు భేషుగ్గా ఉన్నాయని పంపించాడు. ఆ అట్టలో రంగులు లేవు కదా అన్నాడు నాయన. ఆ తర్వాత ఆయన మెట్టు మీద నిలబడినా, గుడ్డా చీరా నా చేతికిచ్చి ఒకటేనా పాపా అని అడగడం మొదలుపెట్టాడు. నేను అవునంటే అవును, కాదంటే కాదు. కొనేవాళ్ళతో కూడా, నన్ను అడగొద్దండి, మా పాప చూస్తాది అనేవాడు. పిల్లది భలే కన్ను అని బజారులో నన్ను మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు నేను తీసుకున్నాను. ఏడాది తిరక్కుండానే బేసిన్ అటకెక్కింది. ఆళ్ళగడ్డ ప్రయాణాలు ఆగిపోయాయి. కంపెనీ గుడ్డలు, అట్ట మీద అంకెలతో ఛాయలు వచ్చాయి. నాయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని హుక్కులూ దారాలూ అందించేవాడు. ఆయనకప్పుడు నలభై అయిదు కూడా నిండలేదు.

వంటింట్లో నిలబడి మొన్న నేను ఆలోచించింది ఇదే. శ్రావణి పెట్టె ఆనాడు మా బల్ల మీద ఉండి ఉంటే, ట్యూబులైటు కింద చూసిన మనిషిని నమ్మొద్దని ఒక అంకె చెప్పేది. నా చేతికి ఆ ఎర్ర డబ్బా వచ్చేది కాదు. ఇప్పటి పిల్లలు ఎంత అదృష్టవంతులో అనిపించింది. మళ్ళీ, తన కళ్ళు తప్పేమో అనుకున్నాడు గానీ కూతురి మాట తప్పేమో అని ఒక్కసారి కూడా అనుకోని మనిషి దగ్గర ఏ పెట్టె మాత్రం ఏం చేస్తుంది అనిపించింది. కొలవాల్సింది రంగుల్ని కాదు ఆ ఇంట్లో. నేను చెప్పని ఒక్క మాట ఎంత దూరం పోయిందో చెప్పే అంకె దానిలోనూ లేదు.

చెప్పాను, చివరికి. నాకు నంద్యాలలోనే పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టాక. తమ్ముడు అంగడి చూసుకుంటున్న రోజులు. అహోబిలం నుంచి అర్చకుల ఇంటివాళ్ళు వెలిసిపోయిన తెర గుడ్డ ఒకటి పట్టుకొచ్చి, ఇదే రంగులో కొత్త తెర కావాలని అడిగారు. ఆ రంగు ఏ కంపెనీలోనూ లేదు. తమ్ముడు నాయనను బతిమాలాడు. నా కండ్లను నమ్ముకోవద్దురా, దేవుడి పని, అని నాయన చేతులు జోడించాడు. నేను అక్కడే ఉన్నాను. తమ్ముడు బయటికి పోయాక, మంచం పక్కన కింద కూర్చుని, ట్యూబులైటూ చిటికెడు పొడీ, అన్నీ ఒక్క బిగిన చెప్పేశాను. చెప్తున్నంతసేపూ ఆయన గోడ వైపే చూశాడు. అయిపోయాక ఇటు తిరిగాడు.

"ఎంత ఏసినావు?" అని అడిగాడు.

"చిటికెడు నాయనా."

ఆయన బొటనవేలూ చూపుడు వేలూ కలిపి, వాటి మధ్య ఎంత పొడి పడుతుందో చూస్తున్నట్టు కాసేపు చూసుకున్నాడు. "చిటికెడుకు పన్నెండేండ్లు కుచ్చున్నా పాపా," అన్నాడు. కోపంగా అనలేదు. నాకు ఏడుపు వచ్చింది. ఊరుకోమని అనలేదు, దగ్గరికీ తీసుకోలేదు.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి ఆ తెర గుడ్డ పట్టుకుని బయట నిలబడి ఉన్నాడు. తమ్ముడు పుస్తకం పెట్టుకుని రాసుకుంటున్నాడు. ఏ పొడి ఎంత, ఏది ముందు, ఏది వెనక, ఎక్కడ ఆపాలో నాయన తడుముకోకుండా చెప్తున్నాడు. తమ్ముడు అట్లాగే అద్దితే ఒక్క తప్పు రాలేదు. అహోబిలం వాళ్ళు పాతదీ కొత్తదీ పక్కన పెట్టి, ఏది ఏదో తెలియడం లేదన్నారు. నువ్వే ఒక చెయ్యి వేసుంటే బాగుండేది నాయనా అని నేను అంటే, నాయన తన చేతుల వైపు చూసుకుని, కండ్లు బాగానే ఉండాయి, చేతులే మరిచిపోయినాయి, అన్నాడు.